ఒడిబియ్యం అల్లుడు

"తీస్కపోమను! ఆమె సామాను ఆమెను తీస్కపోమను!"

దయాకర్ అరుపు పై పోర్షన్లోంచి వినబడింది. ఆ వెనకే ఊర్మిళ నీళ్ల బిందె మెట్ల మీంచి దొర్లుకుంటూ వచ్చి, కింద నల్లా పక్కన సొట్టపడి ఆగింది.

అల్వాల్‌లోని ఆ వీధికి ఆదివారం పూట ఇంతకంటే వినోదం అక్కర్లేదు. ఎదురింటావిడ ఆరిపోయిన బట్టల్నే మళ్లీ ఆరేయడం మొదలుపెట్టింది.

"ఏందిరా గది?" అంటూ అనసూయమ్మ గరిటెతో బయటికి వచ్చేసరికి, కొడుకు గ్యాస్ స్టవ్వు చంకన పెట్టుకుని దిగుతున్నాడు. బ్యాంకులో టై కట్టుకుని కూర్చునే పిల్లాడు, బనీను తడిసిపోయి, కిరాయిదార్ల సామాను మోసే పని నెత్తినేసుకున్నాడు.

ఊర్మిళ పైమెట్టు మీద నిలబడి చూస్తోంది. ఆపలేదు, ఏడవలేదు. మొగుడు రాజేందర్ తనంతట తనే పోలీస్ స్టేషన్‌కు నడిచి వెళ్లి, నేను హత్యలు చేసేవాణ్ణని చెప్పుకున్న నాటి నుంచీ ఆ పిల్ల మాట్లాడటమే తగ్గించేసింది.

"అమ్మా, నువ్వు జెర పక్కకు జరుగు. సుపారీ కిల్లర్ మన ఇంట్ల కిరాయికున్నడని పేపర్ల వచ్చింది. బ్యాంకుల అందరు నన్నే చూస్తున్నరు. నాకు సంబంధాలు చూస్తున్నరు గదా? ఎవడిస్తడు పిల్లను?"

"ఊర్మిళ ఏం జేసిందిరా?"

"ఆమె ఏం జెయ్యలే. ఆమె మొగడు జేసిండు. బాపును సంపుతనని సుపారీ తీస్కున్నడు!"

"తీస్కున్నడు. సంపిండా?"

దయాకర్ స్టవ్వును ఇంకో చంకకు మార్చుకున్నాడు.

"నిన్నే అడుగుతున్న. మీ బాపు ఏడున్నడు?"

పర్వతాలు వరండాలోనే ఉన్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని, ఈ గొడవలో మళ్లీ ఛాయ్ అడిగితే బాగుంటుందా బాగుండదా అని తేల్చుకోలేక కుర్చీలో కదులుతున్నాడు.

"గా కుర్చీల ఉన్నడు," అంది అనసూయమ్మ. "ఛాయ్ కోసం చూస్తున్నడు. గా కుర్చీ ఖాళీగ ఉండాల్సిందిరా. గోడకు ఫోటో ఎక్కాల్సింది. ఎక్కలే. ఎందుకెక్కలే? ఈ పిల్ల మొగడు వద్దనుకున్నడు గనక. బిందె పైకి తీస్కపో."

ఆ మాట అన్నాక ఆవిడ లోపలికి పోయి, అడగకుండానే ఛాయ్ పెట్టింది. ఈ మధ్య ఆవిడకు ఒక జబ్బు పట్టుకుంది. మొగుడి మీద కోపం రావడం లేదు. ఇన్నేళ్ల కాపురంలో దేనికి నెత్తి కొట్టుకునేదో అదంతా ఇప్పుడు ముద్దొస్తోంది. తడి తువ్వాలు పరుపు మీద పడేస్తే, పడేసే మనిషి ఉన్నాడు కదా అనుకుంటోంది. గురక పెడితే హాయిగా నిద్రపోతోంది. తినేదంతా తిని పప్పులో ఉప్పు చాల్లేదంటే, రేపు సరిగ్గా వేస్తానని చెబుతోంది. ఈ మర్యాదకు పర్వతాలే భయపడుతున్నాడు.

పాపం, ఆవిడ భయం ఆవిడది. చెరువు కింద పర్వతాలుకు కొద్దిగా భూమి ఉంది. దాని మీద కన్నేసిన ముఠా ముందు బతిమాలింది, తర్వాత బెదిరించింది, ఆ తర్వాత బెదిరించడం మానేసింది. గొడవ వదిలిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. వాళ్లు మానేసింది రాజేందర్‌ను పంపినందుకని ఎవరికి తెలుసు?

రాజేందర్ పని తీరే వేరు. కత్తీ తుపాకీ ముట్టడు. చంపాల్సిన మనిషి దగ్గర్లోనే ఒక గది అద్దెకు తీసుకుంటాడు. ఆ మనిషి ఎప్పుడు లేస్తాడు, ఏ దారిన పోతాడు, ఎక్కడ బండి నెమ్మదిస్తాడు, అన్నీ చూసుకుంటాడు. చివరికి ఏదో మలుపు దగ్గర ఒక లారీ వస్తుంది. అందరూ యాక్సిడెంట్ అంటారు. లారీ క్లీనర్‌గా బతుకు మొదలుపెట్టిన అనాథ పిల్లాడికి ముఠా నేర్పిన విద్య అది.

అనసూయమ్మ ఇంటికి వచ్చినప్పుడు మాత్రం గేటు దగ్గరే చిక్కొచ్చింది. "ఫ్యామిలీయా, బ్యాచిలరా?" అని ఆవిడ అడిగింది. ఊళ్లో ఇల్లుగలవాళ్లు అందరూ అడిగేదే. బ్యాచిలర్లకు ఇవ్వం అంది. రాజేందర్ వెనక్కి పోయి, అనాథల హాస్టల్లో పెరిగిన ఊర్మిళను గుళ్లో పెళ్లి చేసుకుని, ఫ్యామిలీగా తిరిగొచ్చాడు. ఒక మనిషిని చంపడానికి ఇల్లు దొరకాలని తాళి కట్టినవాడు ఈ జంట నగరాల్లో ఇంకొకడు ఉండడు.

తర్వాత జరిగినదానికి మాత్రం పూర్తిగా అనసూయమ్మే బాధ్యురాలు. ఆవిడకు ఆడపిల్లల్లేరు. పై పోర్షన్ పిల్లకు పుట్టిల్లు లేదని తెలిసింది. పెళ్లయి ఏడాది దాటినా ఒడిబియ్యం పోసేవాళ్లు లేరని తెలిసింది. ఇంకేం, ఎవర్నీ అడగలేదు. పీటలు వేసింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు తెచ్చింది. వాడకట్టు ముత్తయిదువల్ని పిలిచి, కూతురికి పోసినట్టు ఊర్మిళ ఒడి నింపింది. పక్కన కూర్చున్న రాజేందర్‌కు అల్లుడికి పెట్టినట్టు కొత్తబట్టలు పెట్టించింది. పర్వతాలే స్వయంగా బొట్టు పెట్టి, "ఇగ నువ్వు మా ఇంటి అల్లునివి," అన్నాడు. రాజేందర్‌కు చెమటలు కారిపోతుంటే ఉక్కపోత అనుకుని ఆవిడే ఫ్యాను పెంచింది.

చివరికి ఒక పొద్దున అతను బోయిన్‌పల్లి మార్కెట్‌లో పర్వతాలు ఉల్లిగడ్డల దుకాణానికి వెళ్లాడు. బస్తాల వెనక కూర్చుని అంతా చెప్పాడు. "నీ మీద సుపారీ తీస్కున్న, మామా. అత్తమ్మ బియ్యం పోసిన్నాడే నాతోని కాదని తెల్సిపోయింది. ఇన్ని దినాలు వాళ్లకు అబద్ధాలు చెప్పుకుంట వచ్చిన. నేను జెయ్యకుంటే ఇంకొకణ్ణి పంపుతరు. అందుకే స్టేషన్‌కు పోతున్న. పోలీసోళ్లకు ఎరుకైతే ఇగ నీ జోలికి రారు." ఆ తర్వాత ఇంకో మాట చెప్పాడు. తిరుమలగిరిలో పాల్ అనే ఆయన, చెరువు కిందే జాగా కొన్నాయన, పోయిన ఏడాది కాదు అంతకు ముందు ఏడాది లారీ కింద పడి చనిపోయాడు. "గది సుత నేనే," అన్నాడు. మామ కాళ్లకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

పర్వతాలు ఆ రెండో మాట పెళ్లానికొక్కదానికే చెప్పాడు. చెప్పీ చెప్పకముందే ఆవిడ ఆయన చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది.

"పాల్ సంగతి నీకు చెప్పిండని ఎవ్వరికి చెప్పద్దు. నా మీద ఒట్టు. నిన్ను నాకు ఇచ్చిండు. వాణ్ణి నువ్వే ఉరికంబం ఎక్కిస్తవా?"

ఆయన ఒట్టేశాడు.

ఇదంతా దయాకర్‌కు తెలియదు. బిందె పట్టుకుని మెట్ల మధ్యలో నిలబడ్డాడు. పైకి పోతే తల్లి గెలిచినట్టు, కిందికి పోతే తనకే సిగ్గు.

"అన్నా, గిటు ఇయ్యి," అంది ఊర్మిళ మెల్లగా. "నీకెందుకు తక్లీఫ్. నేనే సదురుకుంట."

"ఏడికి పోతవే?" అని కింది నుంచి అనసూయమ్మ అరిచింది. "పుట్టినింటి నుంచి ఏడికి పోతవ్?"

ఆ సమయానికే గేటు చప్పుడైంది.

తెల్లచీర కట్టుకున్న ఒకావిడ, యాభై దాటి ఉంటాయి, గొడుగు మడుస్తూ లోపలికి చూసింది. "పర్వతాలు గారిల్లు ఇదేనాండి?"

"ఇదే. ఎవరు కావాలె?"

"నేను తిరుమలగిరి నుంచి వచ్చిన. నా పేరు ప్రిసిల్లా. పాల్ గారి మిసెస్‌ను."

పర్వతాలు కుర్చీలోంచి లేచాడు. లేచాక ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. అనసూయమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. వచ్చిన మనిషికి నీళ్లివ్వడం అలవాటు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ క్షణంలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకూ తెలియలేదు.

ప్రిసిల్లా నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. "పేపర్ల చదివిన, అక్కా. మీ ఇంట్ల ఉన్నడని, మీ ఆయన్ను ఏం జెయ్యలేదని. దేవునికి స్తోత్రం. నిజంగనే అంటున్న. ఇంకొక ఆడదానికి నా గతి పట్టలేదని ఆ రోజు ప్రార్థన చేసుకున్న."

ఆవిడ గొడుగును గోడకు ఆనించింది.

"మా వెనక రూంల సుత ఉన్నడు. బ్యాచిలర్‌కు వద్దని మావారన్నరు. నేనే ఇప్పించిన. చర్చిల వెనక బెంచీల కూసుంటుండె, మంచి పిల్లగాడు అనుకున్న. క్రిస్మస్‌కు మాతోటే తిన్నడు. చలికి వణుకుతున్నడని మావారి స్వెట్టర్ ఇచ్చిన." ఆవిడ గొంతు పెరగలేదు. "మీ ఇంటి అన్నం తిన్నందుకు మీ ఆయన్ను విడిచిపెట్టిండు. మా ఇంట్ల సుత తిన్నడు గదక్కా. మా అన్నంల ఏం తక్కువైంది?"

అనసూయమ్మ నోరున్న మనిషి. వాడకట్టులో ఆవిడకు ఎదురు చెప్పిన వాళ్లు లేరు.  ఈ ప్రశ్నకు మాత్రం ఆవిడ దగ్గర ఉన్న ఒక్క జవాబు, మీరు ఒడిబియ్యం పోయలేదు అనేది, మనిషన్నవాళ్లు చెప్పే జవాబు కాదు.

"నన్నేం జెయ్యమంటవ్, చెల్లే?" అంది చివరికి.

"మిమ్మల్ని గాదు. సారును." ప్రిసిల్లా పర్వతాలు వైపు తిరిగింది. "పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టుల చెల్లదంట. లాయర్ చెప్పిండు. లారీ దొరకలే, సాక్షి లేడు. యాక్సిడెంట్ అనే రాసి ఉన్నది. కానీ వాడు మీ ముంగట తన నోటితోని చెప్పిండంట. మీరు జడ్జి ముందు ఆ మాట చెప్తే నిలవడ్తది. మావారిని సంపించినోళ్లు ఇంకా కార్లల్ల తిరుగుతున్నరు, సార్. ఇది నిలవడ్తే వాళ్ల దాకా పోతది."

పర్వతాలు పెళ్లాం మొహం చూశాడు. దయాకర్ తండ్రి మొహం చూశాడు.

"నీకు చెప్పిండా, బాపూ?"

పర్వతాలు తల దించుకున్నాడు.

"ఆయనకు చెప్పిండని నీకెవరు చెప్పిన్రు?" అనసూయమ్మ గొంతు కరుకుగా వచ్చింది. ఆ మాట తెలిసింది ముగ్గురికే. ఒకడు జైల్లో ఉన్నాడు. ఒకరు ఆవిడ. మూడోవాడు ఒట్టేసిన మనిషి. ఆ ఒట్టు ఆయన తప్పాడా?

"ఆయన గాదమ్మా. నేనే చెప్పిన," అంది ఊర్మిళ.

మెట్లు దిగి వచ్చి నిలబడింది. "పోయే ముందు నాకు సుత చెప్పిండు, బాపుకు చెప్పే పోతనన్నడు. మొగడు పెండ్లానికి చెప్పింది కోర్టుల అడగరంట. అందుకే బాపును అడుగుమని, నేనే తిరుమలగిరి పోయి ఈమెకు చెప్పొచ్చిన."

"నీ మొగడే కదనే!"

"నా మొగడే. ఇల్లు కిరాయికి దొరకాలని చేసుకున్నడు. తర్వాత నిజంగనే మొగడైండు. మంచిగ చూసుకున్నడు, అబద్ధం ఎందుకాడాలె. కానీ ఈమె ఇంట్ల దీపం ఆర్పి, వచ్చి నా ఇంట్ల పెట్టిండు. నాకు ముద్ద దిగుతలేదమ్మా."

"నేను నీ పసుపు కుంకుమ కాపాడుదామని ఆయనతోని ఒట్టేయించుకున్న. నువ్వే పోయి చెప్పొస్తివా?"

అనసూయమ్మ విసురుగా వంటింట్లోకి వెళ్లిపోయింది.  కాసేపటికి పర్వతాలు ఖాళీ ఛాయ్ గ్లాసు పట్టుకుని, అది పెట్టడానికి వచ్చినట్టు లోపలికి వచ్చాడు.

"నువ్వు వద్దంటే చెప్ప," అన్నాడు. "ఒట్టు ఒట్టే."

"నీకేమనిపిస్తున్నది?"

నలభై ఏళ్లలో ఆవిడ ఆ మాట అడిగిన సందర్భాలు తక్కువ. ఆయన గ్లాసును అటూ ఇటూ తిప్పాడు.

"పొద్దున లేవంగనే పిలగాన్ని తల్సుకుని దండం పెట్టుకుంటున్న, అనసూయా. నీళ్లు తాగినా వాడిచ్చినట్టే ఉంటది. కోర్టుల వాని మొఖం చూసుకుంట ఎట్ల చెప్పాలె? కానీ ఇప్పుడు ఆమె మొఖం సుత చూడలేకపోయిన."

అనసూయమ్మ స్టవ్వు ఆపింది. వరండాలో తెల్లచీర అంచు కనబడుతోంది. రాజేందర్ మనసు మారకపోయి ఉంటే, గొడుగు మడుచుకుంటూ ఎవరింటి వరండాలోనో తనే నిలబడి ఉండేది. ఆ ఇంటావిడ తన మొగుడు బతికిన సంతోషంలో తలుపు వేసేసుకుని ఉంటే?

ఆవిడ కళ్లు ఒత్తుకుంది. ముక్కు చీదింది. బయటికి వచ్చింది.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన," అంది అందరికీ వినబడేలా. "ఈయన వచ్చి చెప్తడు, చెల్లే."

ప్రిసిల్లా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. "మీ మేలు మర్చిపోనక్కా."

"నాకు చెప్పకు. చెప్పాల్సింది నా బిడ్డకు."

ఊర్మిళ అప్పుడు ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు, ఏడవనిచ్చారు. దయాకర్ బిందె పట్టుకుని పైకి పోయాడు. దిగి వచ్చి గ్యాస్ స్టవ్వూ పట్టుకెళ్లాడు. తర్వాత చొక్కా తొడుక్కుని వచ్చి, "ఆంటీ, తిరుమలగిరి దాకా నేను దింపుత," అన్నాడు. ఎదురింటావిడ బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"కానీ ఒక్క మాట," అని అనసూయమ్మ మొగుడి వైపు తిరిగింది. "గీ సంగతి వాడు కోర్టుల వినద్దు. నా నోటితోని వినాలె. మన మొఖం మీద చెప్పి పోయిండు. మనం సుత మొఖం మీదనే చెప్పాలె. నేనే పోత."

జైల్లో ములాఖత్ దొరికేసరికి బుధవారం అయింది. అనసూయమ్మ, ఊర్మిళ కలిసి వెళ్లారు. అద్దానికి అటు వైపు రాజేందర్ వచ్చి కూర్చున్నాడు. చిక్కిపోయాడు. అత్తను చూడగానే లేచి నిలబడ్డాడు. కూర్చోమని ఆవిడ సైగ చేసి, ఇటు వైపు ఫోన్ అందుకుంది.

"ముందుగాల నీకు దండం, బిడ్డా," అంది. "మీ మామ ఇంట్ల కూసుని ఛాయ్ తాగుతున్నడు. నువ్విచ్చిన బతుకే. గది నేను సచ్చేదాక మర్చిపోను."

రాజేందర్ అటు వైపు ఫోన్ చెవికి ఆనించుకుని వింటున్నాడు.

"ఇగ రెండో మాట. పాల్ భార్య మా ఇంటికి వచ్చింది. మీ మామ కోర్టుల చెప్తడు. చెప్పమన్నది నేను. కోపమొస్తే నా మీద పడు, ఆయన మీద వద్దు. ఊర్మిళ మీద అసలే వద్దు."

ఆవిడ తిట్లకు సిద్ధపడే వచ్చింది. రాజేందర్ మొహంలోని బిగువు మాత్రం కొంచెం కొంచెంగా సడలింది. మోసిన బస్తా దించిన హమాలీలా భుజాలు వదిలేశాడు. ఆవిడ వెనక నిలబడ్డ ఊర్మిళను చూసి నవ్వాడు. ఊర్మిళా నవ్వింది.

"మంచి పని చేసిన్రు, అత్తమ్మా," అన్నాడు. "స్వెట్టర్ ఇచ్చింది ఆమె. నేను దాన్నే ఏసుకుని పోయిన, లారీ వచ్చిన దినం. ఎన్నిసార్లు చెప్పుకుందామనుకున్ననో, ధైర్యం చాల్లే."

"ఇప్పుడు చెప్పుకున్నవ్ గదా. ఆ దేవుడున్నడు."

"ఊర్మిళను జెర బయట ఉండమంటవా?"

ఆవిడ తిరిగి చూసి తల ఊపింది. ఊర్మిళ తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. మొహం మీద నవ్వు ఇంకా పోలేదు.

"మామకు పాల్ సారు సంగతి ఒక్కటే చెప్పిన, అత్తమ్మా. అంతకన్నా ఎక్కువ ఆయన గుండె తట్టుకోదనిపించింది. ఊర్మిళకు సుత గంతే తెల్సు." రాజేందర్ గొంతు తగ్గించాడు. "ఆయన ఒక్కడే గాదు. ఆయన మొదటోడు సుత గాదు. వాళ్ల ఇండ్లల్ల సుత ఎవరో ఒకరు యాక్సిడెంట్ అనుకుంట కూసున్నరు. అన్నీ నీకు చెప్తె, వాళ్లకు నువ్వు చెప్తవ్. నాకు తెల్సు. కానీ విన్నంక నన్ను బిడ్డా అనలేవు. వద్దంటే ఫోన్ పెట్టెయ్, ఏమనుకోను."

అనసూయమ్మకు ఇంట్లో ఉన్న మొగుడు గుర్తొచ్చాడు. తలుపు దగ్గర నవ్వు మొహంతో నిలబడ్డ పిల్ల కనబడుతోంది. ఎందరో తెలియని ఆడవాళ్లు, ఎక్కడెక్కడి వరండాల్లోనో, ఇంకా ఎవరి గేటూ తట్టలేదు.

ఆవిడ ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"అందరికన్నా ముందు ఎవరు, బిడ్డా?" అని అడిగింది.